లోహం తక్కువ, ధర ఎక్కువ: ఇంజన్ ఆయిల్ పరీక్ష రిపోర్టును వర్తకులు చదవవలసిన తీరు

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ ఆయిల్ టోకున అమ్మే వర్తకుడొకరు మూడు పరీక్ష రిపోర్టులు తెచ్చి మా బల్లపై పెట్టి ఒక సందేహం వెలిబుచ్చారు. మూడూ ఒకే దళారి చూపిన నమూనాల తాలూకువే. మొదటి నమూనాలో కాల్షియం 3000, జింకు 1300 పిపిఎం ఉన్నాయి. రెండవ దానిలో కాల్షియం 1200, మెగ్నీషియం 500, జింకు 850. మూడవ దానిలో కాల్షియం 90, జింకు 60 మాత్రమే. ధరలు చూడబోతే రెండవది అన్నిటికంటె ప్రియం, మొదటిది మధ్యస్థం, మూడవది బాగా చవుక. “మందు ఎక్కువ పడిన సరుకుకు ధర తక్కువ, తక్కువ పడిన దానికి ఎక్కువ ఏమిటండీ? దళారి కూడా మొదటిదే బలమైన సరుకంటున్నాడు. 20 బారెళ్ళు తీసుకుందామనుకుంటున్నాను. ఏ బండికైనా పోస్తుంది గదా?” అన్నారాయన.

20 బారెళ్ళంటే 4200 లీటర్లు. ఆ నూనె ఏ బండిలో పడుతుందన్న దానిని బట్టి ఆయన పెట్టుబడి తిరిగి వస్తుందా, లేక ఇంజను యజమానులు దుకాణం ముందు నిలబడి తగాదాకు దిగుతారా అన్నది తేలుతుంది. ఇటువంటి సందేహం ఆయన ఒక్కరిదే కాదు కనుక, ఈ వారం పాఠానికి ఇంజన్ ఆయిల్‌లోని లోహాలనే తీసుకుంటున్నాము.

ముందుగా కొలత సంగతి. పిపిఎం అంటే పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు అని అర్థం. 10,000 పిపిఎం ఒక శాతానికి సమానం. 1300 పిపిఎం అంటే 0.13 శాతం. లీటరు నూనె సుమారు 860 గ్రాములు తూగుతుంది. కాబట్టి మొదటి నమూనాలో లీటరుకు ఉన్న జింకు ఒక గ్రాము పైచిలుకు మాత్రమే. 210 లీటర్ల బారెల్ మొత్తానికి 235 గ్రాములు. కిలో జింకు 300 రూపాయలనుకున్నా, బారెల్‌లో ఉన్న లోహం ఖరీదు 70 రూపాయలు, లీటరుకు 33 పైసలు. ‘లండన్‌లో జింకు పెరిగింది, అందుకని ఆయిల్ ధర పెంచాము’ అని ఎవరైనా చెబితే, ఆ మాటలో పస ఎంతో ఈ లెక్కను బట్టి గ్రహించవచ్చు. విశాఖపట్నంలో హిందూస్థాన్ జింక్ వారి కర్మాగారం 1977లో ప్రారంభమై 2012లో మూతపడింది. దానివలన మన ప్రాంతంలో జింకు వర్తకానికి కలిగిన తేడా ఇంజన్ ఆయిల్ ధరను తాకనైనా తాకదు. ఆయిల్ ధరను నడిపేది ముడి చమురు, దాని నుంచి తీసే బేస్ ఆయిల్, ఆ తరువాత ఎడిటివ్‌ల ధర. ఎడిటివ్ ధరలో ఉన్నది లోహం విలువ కాదు. ఆ లోహాన్ని నూనెలో కరిగేటట్టు చేసిన రసాయనం విలువ, దానిని ఇంజన్లపై నెలల తరబడి పరీక్షించిన ఖర్చు.

నూనెలో కరగడమన్నది ముఖ్యమైన మాట. జింకు పొడిని తెచ్చి నూనెలో కలిపితే అది అడుగుకు దిగుతుంది, లేదా ఫిల్టరులో చిక్కుతుంది. ఇంజన్ ఆయిల్‌లో వాడే జింకు ‘జింక్ డై ఆల్కైల్ డై థయో ఫాస్ఫేట్’ అనే పదార్థం రూపంలో ఉంటుంది. పేరు నోరు తిరగనిది కాబట్టి వృత్తిలో ఉన్నవారు జడ్‌డిడిపి అంటారు. భాస్వరం, గంధకం కలిసిన ఒక సమ్మేళనాన్ని ఆల్కహాలుతో కలిపి ఆమ్లంగా మార్చి, దానిని జింక్ ఆక్సైడుతో కూర్చితే ఇది వస్తుంది. జింకు ఇక్కడ ఒక విధంగా బరువు మోసే కూలీ వంటిది. అసలు సరుకు దాని వెంట వచ్చే భాస్వరం, గంధకం. ఇంజను లోపల రెండు ఉక్కు భాగాలు ఒకదానినొకటి అదుముకుంటూ జారే చోట, అక్కడి వేడికి, ఒత్తిడికి ఈ పదార్థం విచ్ఛిన్నమై లోహంపై గాజువంటి ఒక పొరను కడుతుంది. ఆ పొర మందం మీటరులో కోటవ వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అరిగేది ఆ పొర, ఉక్కు కాదు. అరిగిన కొద్దీ నూనెలో మిగిలి ఉన్న మందు మళ్ళీ పొర కడుతూ పోతుంది.

తమాషా ఏమంటే, దీనిని మొదట వాడింది అరుగుదలను ఆపడానికి కాదు. 1940 ప్రాంతంలో అమెరికా కార్లలో వచ్చిన కొత్త రకం బేరింగులను పాతబడిన నూనెలోని ఆమ్లాలు తినివేస్తుంటే, ఆ తుప్పును, నూనె చిక్కబడడాన్ని ఆపడానికి దీనిని కలిపారు. కామ్ షాఫ్టు, టాపెట్లు అరగకుండా కాపాడే గుణం దీనిలో ఉన్నదని గట్టిగా గుర్తింపు వచ్చింది 1950 దశకం నడుమ మాత్రమే. ఒక పనికి తెచ్చుకున్న మనిషి రెండో పనిలో మరింత అక్కరకు వచ్చినట్టయింది. నాటి నుంచి నేటి వరకు కారు ఇంజన్ ఆయిల్‌లో దీనిని పూర్తిగా తీసివేసి మార్కెట్టులో నిలబడిన సరుకు అరుదు.

ఇక కాల్షియం. ఇది సున్నమే. సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటును కంటికి, మామూలు సూక్ష్మదర్శినికి కూడా ఆననంత సన్నని రేణువులుగా చేసి, ఒక్కొక్క రేణువు చుట్టూ సబ్బువంటి పొర తొడిగి నూనెలో తేలేటట్టు చేస్తారు. డీజిల్‌లోని గంధకం కాలి ఆమ్లమవుతుంది, నూనె కూడా ముదిరి పులుస్తుంది. ఈ ఆమ్లాన్ని విరిచేది కాల్షియం. భీమవరం వైపు చెరువు నీరు చెడినప్పుడు రైతు సున్నం చల్లించడం చూసినవారికి ఈ పని వేరే చెప్పనక్కరలేదు. పిస్టన్ రింగుల వద్ద మసి గట్టిపడకుండా కడిగే పని కూడా దీనిదే. రిపోర్టులో ‘టిబిఎన్’ అని కనిపించే అంకె ఈ సున్నపు నిల్వను తెలుపుతుంది. బండి తిరిగిన కొద్దీ ఆ అంకె పడిపోతుంది. మెగ్నీషియం ఇదే పని చేస్తుంది. ఒకప్పుడు బేరియం కూడా వాడేవారు, ఆ తరువాత అది వెనుకబడింది.

మాలిబ్డినం కొన్ని ఆయిళ్ళలో మాత్రమే ఉంటుంది. అది రాపిడిని తగ్గించి పెట్రోలు కొంత ఆదా చేస్తుంది. నల్లని మాలిబ్డినం డైసల్ఫైడు పొడికీ, నూనెలో కరిగే మాలిబ్డినం సమ్మేళనానికీ తేడా ఉన్నది. మొదటిది ఎక్కువగా గ్రీజులకు, రెండవది కారు ఆయిళ్ళకు.

ఇంతవరకు చదివిన పాఠకుడు మన ఆటోనగర్ వర్తకుని వలెనే, ‘అయితే ఎక్కువ ఉన్నదే మేలు గదా’ అనవచ్చు. 2000 సంవత్సరానికి ముందు అయితే ఆ మాట చాలావరకు చెల్లేది. అప్పటి మన డీజిల్‌లో గంధకం శాతాలలో చెప్పుకునేటంత ఉండేది. 2000 నాటికి 0.25 శాతానికి దిగింది. అంటే 2500 పిపిఎం. భారత్ స్టేజి 6 దేశమంతటా అమలులోకి వచ్చిన 2020 ఏప్రిల్ 1 నుంచి అది 10 పిపిఎం. గంధకం 250వ వంతుకు పడిపోయినప్పుడు, దానిని విరిచే సున్నం అంత మొత్తంలో మోయవలసిన అవసరం కొత్త బండికి లేదు. మోస్తే వచ్చే నష్టం వేరే ఉన్నది. అదే బూడిద.

నూనె కాలితే పొగ అవుతుంది. లోహం కాలితే పొగ కాదు, బూడిదగా మిగులుతుంది. కట్టె కాలిన పొయ్యిలో బూడిద మిగిలినట్టే. ఇంజను ఎంత మంచిదైనా రింగుల దాపున కాస్త నూనె కాలుతూనే ఉంటుంది. భారత్ స్టేజి 6 డీజిల్ కార్లకు సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది. డిపిఎఫ్ అని మెకానిక్కులు అనేది దానినే. దానిలో చేరిన మసిని కారు తనంతట తానే 600 డిగ్రీల దాపు వేడికి కాల్చి శుభ్రం చేసుకుంటుంది. కాని బూడిద మళ్ళీ కాలదు. చేరినది చేరినట్టే ఉంటుంది. నిండితే విప్పించి కడిగించాలి, లేదా మార్చాలి. మార్చడమంటే యజమానికి పదుల వేలలో ఖర్చు.

రిపోర్టులో ‘సల్ఫేటెడ్ యాష్’ అంకె లేకపోయినా, లోహాల అంకెలను బట్టి దానిని కట్టుకోవచ్చు. ఈ లెక్క వర్తకులు నేర్చుకోదగినది. కాల్షియం సల్ఫేటుగా మారినప్పుడు 40 పాళ్ళు 136 పాళ్ళవుతుంది, అనగా 3.4 రెట్లు. మెగ్నీషియం దాదాపు 5 రెట్లు. జింకు ఆక్సైడుగా మిగిలితే ఒకటింపావు రెట్లు. మొదటి నమూనాలో కాల్షియం 0.30 శాతం. దానిని 3.4తో హెచ్చిస్తే 1.02. జింకు 0.13 శాతం, ఒకటింపావు రెట్లు 0.16. మొత్తం 1.18 శాతం బూడిద. రెండవ నమూనాలో కాల్షియం వాటా 0.41, మెగ్నీషియం వాటా 0.25, జింకు వాటా 0.10. మొత్తం 0.76. ప్రయోగశాలలో డి-874 అనే పరీక్ష చేస్తే వచ్చే అంకె దీనికి కాస్త అటూ ఇటూగా ఉండవచ్చును గాని, కాగితంపై వేసిన ఈ లెక్క దళారి మాటకంటె నమ్మదగినది.

ఇప్పుడు హద్దులు చూద్దాం. యూరపు కార్ల తయారీదారుల సంఘమైన ఎసిఇఎ 2004లో ‘సి’ తరగతులను ప్రవేశపెట్టింది. వాటిలో సి-1కి బూడిద 0.5 శాతం, సి-2, సి-3లకు 0.8 శాతం మించరాదు. భారీ డీజిల్ ఇంజన్లకు అమెరికా వారి ఎపిఐ 2006లో తెచ్చిన సిజె-4, 2016 డిసెంబరులో తెచ్చిన సికె-4 తరగతులకు హద్దు ఒక శాతం. అంతకు ముందు 2002లో వచ్చిన సిఐ-4కు బూడిదపై ఇటువంటి హద్దు లేదు. మన వర్తకుని మొదటి నమూనా 15డబ్ల్యు-40, సిఐ-4 రకం. దళారి చెప్పినట్టు అది ‘బలమైన’ సరుకే. ఫిల్టరు లేని పాత లారీకి, ట్రాక్టరుకు అది నిక్షేపంగా పనికివస్తుంది. దానినే కొత్త డీజిల్ కారుకు పోస్తే ఏమవుతుందో లెక్క కడదాం. 5000 కిలోమీటర్లకు ఒక లీటరు చొప్పున నూనె కాలుతుందనుకుంటే, లక్ష కిలోమీటర్లకు 20 లీటర్లు, అంటే 17 కిలోల పైచిలుకు. 1.18 శాతం లెక్కన 203 గ్రాముల బూడిద. 0.5 శాతం ఆయిల్ అయితే 86 గ్రాములు. ఇదంతా ఫిల్టరులోనే చేరుతుందని కాదు గాని, రెండు సరుకుల మధ్య ఉన్న దామాషా మారదు. ఒక ఫిల్టరు జీవితకాలం సగానికి సగం కోసుకుపోవడమన్న మాట. ఆ సంగతి ఆరు నెలలకు బయటపడదు. బండి వారంటీలో ఉండగా బయటపడితే మాత్రం, సర్వీసు సెంటరువారు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ ఆయిల్ పోశారు, బిల్లు ఏది’ అన్నదే. ఆ బిల్లుపై దుకాణం పేరు ఉంటుంది.

పెట్రోలు కార్ల కథ మరొకటి. అక్కడ శత్రువు బూడిదకంటె భాస్వరం. సైలెన్సరు దారిలోని కెటలిటిక్ కన్వర్టరుపై భాస్వరం పూతవలె పేరుకొని దానిని పనికిరాకుండా చేస్తుంది. మన దేశంలో కొత్త పెట్రోలు కార్లకు ఈ కన్వర్టరు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో తప్పనిసరి అయింది. దానికి సీసం కూడా విషమే కనుక 2000 ఫిబ్రవరి నాటికి పెట్రోలులో సీసం కలపడం దేశమంతటా మానివేశారు. అమెరికా, జపాను తయారీదారులు ఇంజన్ ఆయిల్‌లో భాస్వరాన్ని మెట్టుమెట్టుగా దించుతూ వచ్చారు. 1990 దశకం తొలి సంవత్సరాలలో 0.12 శాతం, 1996లో 0.10, 2004లో 0.08. అయితే అక్కడితో ఆగి, 0.06 కంటె తగ్గరాదని అడుగు హద్దు కూడా పెట్టారు. పూర్తిగా తీసివేస్తే కామ్ షాఫ్టు మిగలదని వారికి తెలుసు. జడ్‌డిడిపిలో జింకు, భాస్వరం ఇంచుమించు సమానంగా, జింకు కాస్త ఎక్కువగా ఉంటాయి. కాబట్టి భాస్వరం 0.08కి కట్టుబడిన ఆయిల్‌లో జింకు 850, 900 దాపున ఉండడం సహజం. రెండవ నమూనాలో జింకు 850 ఉండడానికి కారణం ఇదే. అది కల్తీ కాదు, పిసినారితనం కాదు. ఇక్కడ ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. ఎపిఐ ఎస్‌ఎన్, ఎస్‌పి తరగతులలో ఈ పై హద్దు 5డబ్ల్యు-30 వంటి పలచని గ్రేడులకే వర్తిస్తుంది. 20డబ్ల్యు-40, 20డబ్ల్యు-50 ఆయిళ్ళకు వర్తించదు. కనుక అదే ఎస్‌ఎన్ గుర్తు ఉన్న చిక్కని ఆయిల్‌లో జింకు 1100 కనబడినా ఆశ్చర్యపోనవసరం లేదు.

కాల్షియం 1200కు దిగి, మెగ్నీషియం 500 రావడానికి మరొక కారణం ఉన్నది. టర్బో బిగించి, పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే కొత్త ఇంజన్లలో, తక్కువ వేగంలో గట్టిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు ప్లగ్గు మెరవకముందే మంట అంటుకునే జబ్బు ఒకటి బయటపడింది. పిస్టన్లు పగిలిన సందర్భాలు ఉన్నాయి. నూనె తుంపరలోని కాల్షియం దీనిని ప్రేరేపిస్తుందని, మెగ్నీషియంకు ఆ దుర్గుణం లేదని పరిశోధనలలో తేలింది. దానితో 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020 మేలో ఎస్‌పి తరగతులు వచ్చాయి. ఇటువంటి ఆయిల్ రిపోర్టులో కాల్షియం ఒక్కటే చూసి ‘సగానికి సగం కోశారు’ అని సరుకు వెనక్కి పంపిన వర్తకులు ఉన్నారని విన్నాము. కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి చూడాలి, పక్కన టిబిఎన్ చూడాలి.

ఇక ధర ఎందుకు ఎక్కువంటే, లోహం తగ్గించిన చోట దాని పనిని మరొకరు చేయాలి. మసిని పట్టి ఉంచడానికి, నూనె ముదరకుండా ఆపడానికి లోహం లేని, బూడిద మిగలని రసాయనాలు కలుపుతారు. అవి ఖరీదైనవి. దానికి తోడు 5డబ్ల్యు-30 పలచదనానికి మేలిరకం బేస్ ఆయిల్ కావాలి. ఎడిటివ్ పాకేజీలు తయారు చేసే పెద్ద సంస్థలు ప్రపంచం మొత్తం మీద నాలుగే: లూబ్రిజాల్, ఇన్‌ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరొనైట్. మన దేశంలో లూబ్రిజాల్ ఇండియా 1966 నుంచి, షెవ్రాన్ భాగస్వామ్యంతో మద్రాసు మనాలిలో ఇండియన్ ఎడిటివ్స్ 1989 నుంచి ఉన్నాయి. 2019 సెప్టెంబరు 26న ఫ్రాన్సులోని రువాన్‌లో లూబ్రిజాల్ కర్మాగారం తగలబడినప్పుడు, 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫానుకు అక్కడి కర్మాగారాలు ఆగినప్పుడు సరఫరా బిగుసుకున్నది. ఇంజన్ ఆయిల్ నిల్వ చేసేవారు లోహాల బజారుకంటె ఇటువంటి వార్తలపై కన్ను వేసి ఉంచడం లాభదాయకం.

మూడవ నమూనా సంగతి చివరికి ఉంచుకున్నాము. కాల్షియం 90, జింకు 60. ఏ ఎపిఐ తరగతికీ, ఏ కారుకూ ఈ అంకెలు సరిపోవు. దీనికి అర్థం రెండే. ఎడిటివ్ కలపకుండా ఉత్త బేస్ ఆయిల్‌ను డబ్బాలో పోసి సీలు వేసి ఉండాలి, లేదా వాడేసిన ఆయిల్‌ను శుద్ధి చేసి రంగు తేల్చి ఉండాలి. ఆ కాస్త జింకు, కాల్షియం పాత మందు తాలూకు అవశేషాలు. రంగు చూసినా, వేళ్ళ మధ్య జిగురు చూసినా ఇది పట్టుబడదు. పైపెచ్చు, మందు పడని నూనె తేటగా, అందంగా కనిపిస్తుంది. పోసిన వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల వరకు బండి హాయిగానే నడుస్తుంది. ఆ తరువాత రింగులు అంటుకొని, కామ్ అరిగి, ఇంజను బోరుకు వస్తుంది. అప్పటికి ఆయిల్ డబ్బా ఎక్కడ కొన్నదీ యజమానికి గుర్తుండకపోవచ్చు, మెకానిక్కుకు మాత్రం గుర్తుంటుంది. ఆయిల్‌లోని లోహాల అంకెలు ఈ కల్తీని పట్టే వేలిముద్రల వంటివి. పరీక్షకు అయ్యే ఖర్చు ఒక్క బారెల్ ధరతో పోల్చితే స్వల్పం. బారెల్‌ను బాగా దొర్లించి, పై నుంచి కాక నడుమ నుంచి నమూనా తీసి, రెండు సీసాలలో పోసి, ఒకటి దళారి సంతకంతో సీలు వేసి దుకాణంలోనే ఉంచుకునేవారు తగాదాలలో నెగ్గుతారు. దళారి తెచ్చిన సీసాను పరీక్షకు పంపడమంటే, దళారి చేతి రాతను దళారి చేతనే దిద్దించడం.

వాడిన ఆయిల్ రిపోర్టును కొత్త ఆయిల్ రిపోర్టుతో కలగలపరాదు. వాడిన దానిలో ఇనుము, రాగి, సీసం, అల్యూమినియం కనబడితే అవి ఇంజను అరుగుదల తాలూకువి. సిలికాన్ పెరిగితే చాలాసార్లు గాలి ఫిల్టరు గుండా దుమ్ము వచ్చినట్టు. రైల్వే డీజిల్ షెడ్లలో ఇంజన్ల ఆరోగ్యాన్ని ఈ పద్ధతిలోనే చాలాకాలంగా కనిపెడుతున్నారు. రైలింజన్ల ప్రసక్తి వచ్చింది గనుక ఒక విశేషం: అమెరికా ఎలక్ట్రో-మోటివ్ వారి డీజిల్ రైలింజన్లలో కొన్ని బేరింగులకు వెండి పూత ఉంటుంది. జింకు మందు ఆ వెండిని తినివేస్తుంది. అందువలన వాటికి జింకు లేని ఆయిలే వాడాలి. కారుకు ప్రాణమైనది అక్కడ విషమన్నమాట.

ఇదే సందర్భంలో విడి సీసాల వ్యాపారం గురించి. ‘జింకు బూస్టరు’ అని, ‘రాగి పొడి కలిసినది, అరిగిన సిలిండరును పూడుస్తుంది’ అని చిన్న సీసాలు కౌంటరుపైకి వస్తుంటాయి. వీటిలో చిల్లర వర్తకునికి లాభం శాతం ఆయిల్‌కంటె ఎక్కువ, అందుకే ఆశ. రాగి, సీసం పొడి కలిపినవి ఫిల్టరులో చిక్కవచ్చు. అంతకంటె, తరువాత ఆయిల్ పరీక్ష చేయిస్తే రాగి అంకె ఇంజను అరుగుదలదో, సీసాదో తేలక యజమాని దిక్కుతోచక నిలబడతాడు. జింకు సీసా తయారైన ఆయిల్‌లో పోస్తే భాస్వరం, బూడిద హద్దు దాటుతాయి. లోపల ఉన్న కాల్షియం, జింకు, మాలిబ్డినం అన్నీ లోహపు ఉపరితలంపై చోటు కోసం పోటీపడేవే గనుక, ఒకటి పెంచితే మరొకదాని పని కుంటుపడుతుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇటువంటి సీసాల ప్రకటనలపై పలుమార్లు చర్య తీసుకున్నది. ఆయిల్ ఖర్చు తగ్గుతుందని ఆధారం లేకుండా ప్రకటించినందుకు ఎస్‌టిపి సంస్థ 1978లో 7 లక్షల డాలర్లకు రాజీపడి, ఆ సంగతిని పత్రికలలో తానే ప్రకటన వేయించవలసి వచ్చింది. 1995లో మళ్ళీ 8 లక్షల 88 వేల డాలర్లు చెల్లించింది. విడి సీసాలను దిగుమతి చేసేవారు మరొకటి గమనించాలి. ఎడిటివ్‌లకు కస్టమ్స్ పద్దు 3811, తయారైన ఆయిల్‌కు 2710. రెండూ ఒకటిగా రాస్తే రేవులోనే సరుకు ఆగుతుంది.

సీసా పోయడంలో న్యాయం ఉన్న సందర్భం లేకపోలేదు. 1489 సిసి ఇంజను ఉన్న పాత అంబాసిడర్, పాత పద్మిని వంటి కార్లలో టాపెట్లు కామ్‌పై దొర్లవు, అదుముకుంటూ జారుతాయి. వాటికి జింకు కాస్త ఎక్కువే కావాలి. అయితే వాటికి కూడా సీసా కంటె, జింకు 1000కి పైన ఉన్న 20డబ్ల్యు-50 ఆయిల్ నేరుగా అమ్మడమే సులువు. ఇటువంటి కార్లను ముచ్చటపడి పోషించుకునేవారు హైదరాబాదులో, విజయవాడలో ఉన్నారు. తక్కువే అయినా, బేరమాడని ఖాతాదార్లు.

మోటారు సైకిళ్ళకు రెండవ నమూనా పోయవచ్చునా అని కూడా మన వర్తకుడు అడిగారు. కూడదు. చాలా మోటారు సైకిళ్ళలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. పెట్రోలు ఆదా కోసం కారు ఆయిల్‌లో కలిపే మాలిబ్డినం వంటి మందులు ఆ క్లచ్‌ను జార్చవచ్చు. వాటికి జపాను వారి జాసో ఎంఎ గుర్తు ఉన్న ఆయిల్ కావాలి. దానిలో భాస్వరం 0.08 నుంచి 0.12 శాతం వరకు, బూడిద 1.2 శాతం వరకు ఉండవచ్చు.

మొదటిది, రెండవది చెరిసగం కలిపి ‘అన్నిటికీ పనికివచ్చే’ మధ్యరకం చేస్తే ఎట్లా ఉంటుందని మరొక ఆలోచన కూడా వచ్చింది. లెక్కకు బూడిద 0.97 అవుతుంది. అంటే డీజిల్ కారుకు ఎక్కువ. పెట్రోలు కారుకు భాస్వరం మించుతుంది. లారీకి పలచన. పైగా ఆ మిశ్రమాన్ని ఏ ఇంజనుపైనా ఎవరూ పరీక్షించి ఉండరు గనుక, దానిపై ఏ తరగతి గుర్తు వేసినా అబద్ధమే.

ఆయన చివరికి మొదటి రకం 20 బారెళ్ళకు బదులు 8 తీసుకున్నారు. గన్నవరం, నూజివీడు వైపు ట్రాక్టర్ల వారికి, పాత లారీల వారికి. రెండవ రకం 4 బారెళ్ళు, టర్బో పెట్రోలు కార్లకు మాత్రమే అని డబ్బాలపై రాయించి. రెండవ దాని బూడిద 0.76 అయినా, దానిపై ఎసిఇఎ సి-3 గుర్తు గాని, కారు కంపెనీ ఆమోదపు నంబరు గాని లేదు కనుక డీజిల్ కార్లకు వేరే సరుకు ఆర్డరు పెట్టారు. మూడవ నమూనా సీసా ఇంకా ఆయన అల్మారాలోనే ఉన్నది. దళారి దానిని వెనక్కి ఇవ్వమని రెండుసార్లు ఫోను చేశాడట.